మూసియుంచిన మందసము: జపాను లక్కపెట్టెల కథ

శతవార్షిక స్మారక సంచికలో జపాను దేశపు లక్కపెట్టెను గూర్చిన వ్యాసమేల యని చదువరులలో కొందరైనను అడుగుదురు. అడుగుట న్యాయమే. నూరేండ్ల పండుగ వచ్చినదనగా మనము పాత దేవాలయముల ఫోటోలను, గురువుల పేర్లను, తొలి జ్ఞానస్నానముల తేదీలను వెదకుకొందుము. ఆ వెదుకులాటలో మన పెద్దల యిండ్లలో మొట్టమొదట తెరువబడునది పెట్టె. అది ట్రంకుపెట్టె కావచ్చును, భోషాణము కావచ్చును, ఉపదేశిగారి చేతిపెట్టె కావచ్చును. అందులో ఏమి దొరకునో, ఏమి దొరకదో దానిని బట్టియే మన చరిత్రలో సగము వ్రాయబడును. దాచుకొనుటకు పెట్టె చేయుట యను పనిని ఒక మహావిద్యగా పెంచినవారు జపాను దేశస్థులు. ఆ పెట్టెలకును మన గోవా రేవునకును, సువార్త ప్రయాణమునకును సంబంధము కలదు. అందుచేత ఈ నాలుగు పుటలు వ్రాయ సాహసించితిమి.

మన బైబులు తెలుగులో పెట్టెకు మందసమనునది గంభీరమైన పేరు. ఇశ్రాయేలీయుల నిబంధన మందసము తుమ్మకర్రతో చేసి, లోపల వెలుపల బంగారు రేకు పొదిగినది. అందులో రాతిపలకలు, మన్నా గల బంగారు పాత్ర, చిగిర్చిన అహరోను కర్ర యుండెనని హెబ్రీయులకు వ్రాయబడిన లేఖ తెలుపుచున్నది. కాని సొలొమోను దేవాలయమును ప్రతిష్ఠించిన నాటికి ఆ మందసములో రెండు రాతిపలకలు తప్ప మరేమియు లేకుండెనని రాజుల గ్రంథము చెప్పుచున్నది. పెట్టె నిలిచినది, లోపలివి కొన్ని ముందే పోయినవి. జపాను లక్కపెట్టెల చరిత్ర చదువుచున్నప్పుడు మాకు పదే పదే తోచిన సంగతియు ఇదియే. లండనులోను, పారిసులోను, టోక్యోలోను అద్దాల బీరువాలలో మెరయుచున్న ఆ పెట్టెలు చాలమట్టుకు వట్టి పెట్టెలు. వాటిని చేసిన పనివాని నేర్పు మిగిలినది, దాచుకొన్న మనిషి మనస్సు మిగలలేదు. అక్కడక్కడ మాత్రము పెట్టెయు, పెట్టెలోనిదియు రెండును దక్కినవి. అట్టివాటి సంగతి కూడ ముందు వచ్చును.

మొదట లక్క యను మాటను సరిచేసికొనవలెను. మనకు లక్క యనగా చెట్ల కొమ్మలపై ఒక జాతి పురుగు కట్టు బంక. అనకాపల్లి జిల్లాలో వరాహనదీ తీరమున నున్న ఏటికొప్పాక గ్రామములో అంకుడు కర్రను తరిమెన పట్టి, త్రిప్పుచుండగా ఆ వేడికి కరగిన లక్కను అద్ది బొమ్మలు, భరిణెలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. జపానువారి లక్క అది కాదు. దాని పేరు ఉరుషి. అది పురుగు బంక కాదు, చెట్టు పాలు. ఆ చెట్టు మన మామిడికి, జీడిమామిడికి, నల్లజీడికి చుట్టము, అందరిదీ ఒకటే కుటుంబము. చాకలివారు బట్టలపై గుర్తు పెట్టుటకు వాడిన నల్లజీడి రసము ఒంటికి తగిలిన పొక్కి, దురద పెట్టుట మన పల్లెలలో పెద్దవారికి తెలిసినదే. ఉరుషి చెట్టు పాలు కూడ సరిగా అట్లే పొక్కించును. ఆ పనిలో క్రొత్తగా చేరిన కుర్రవానికి చేతులు, ముఖము వాచుట మామూలు. ఇట్టి విషపు పాలను తెచ్చి, రాజకుమార్తెల దువ్వెనలు దాచు పెట్టెకు పూయవచ్చునని మొదట ఎవరికి తోచినదో గాని, జపానులో ఈ విద్య దాదాపు 9000 సంవత్సరముల నాటిదని త్రవ్వకములలో దొరకిన వస్తువులు చెప్పుచున్నవి.

పది పదిహేనేండ్లు పెరిగిన చెట్టునకు వేసవి మొదలు శరత్కాలము వరకు కొద్ది దినములకొకసారి అడ్డముగా గాట్లు పెట్టి, ఊరిన పాలను గీకి తీయుదురు. మన తాటిచెట్టు గీతవంటిదే యనుకొనరాదు. తాటిచెట్టు ఏటేట ఇచ్చును. ఈ చెట్టు ఒక్క ఋతువంతయు గీసిన పిమ్మట ఇచ్చునది సుమారు 200 గ్రాములు, అనగా ఒక గ్లాసెడు. అంతటితో దానిని నరికివేయుదురు, మొదలు నుండి పిలకలు వచ్చును, మరల పదేండ్లు కాచుకొనవలెను. జపాను దేశమునకు నేడు కావలసిన ఉరుషిలో అధికభాగము చైనా నుండియే వచ్చుచున్నది. కాని జాతీయ సంపదగా ప్రకటించిన కట్టడముల మరమ్మతులకు స్వదేశపు ఉరుషినే వాడవలెనని ఆ ప్రభుత్వము 2015లో నిర్ణయించినందున, ఇవతె ప్రాంతమందలి జోబోజి చెట్లకు మరల గిరాకి కలిగినది.

ఇక పెట్టె పని. సన్నగా చీరిన హినోకి కర్ర పలకలతో పెట్టె కట్టుదురు. అతుకులపై నారగుడ్డ అంటించుదురు. మెత్తని మట్టిపొడిని ఉరుషిలో కలిపి మెత్తి, ఆరిన పిమ్మట రాతితో నూరుదురు. దానిపై పలుచగా ఉరుషి పూత, మరల నూరుట, మరల పూత. మంచి పెట్టెకు ఇరువది ముప్పది మెట్లు దాటిన పని యుండును. చివరి నూరుడు మెత్తని బొగ్గుతో చేయుదురు. ఇందులో మాకు ఎక్కువ ఆశ్చర్యము కలిగించినది ఆరబెట్టు పద్ధతి. మన అమ్మలు వడియములను ఎండలో పెట్టినట్లు పెట్టినచో ఉరుషి ఎన్నటికిని గట్టిపడదు. దానికి తేమ కావలెను. నీరు చల్లిన చెక్క బీరువాలో, గోరువెచ్చని గాలిలో నూటికి 70 నుండి 85 వంతుల తేమ యుండునట్లు చూచి పెట్టుదురు. పాలలోనే యున్న ఒక పదార్థము ఆ తేమలో ప్రాణవాయువును పట్టి పూతను గట్టిపరచును. అట్లు గట్టిపడిన పూత నీటికి, సారాయికి, ఆమ్లమునకు కూడ సులువుగా లొంగదు. లొంగునది ఎండకు మాత్రమే. చీకటిలో వందల యేండ్లు చెక్కుచెదరనిది, కిటికీ ప్రక్కన పెట్టినచో కొన్ని యేండ్లకే మెరుపు పోగొట్టుకొని, నలుపు గోధుమవన్నెకు తిరిగి, సన్నని బీటలు వారును. దాచుట కొరకు చేసిన వస్తువు దాచబడినప్పుడే నిలుచునన్నమాట.

తడి పూతపై బంగారు రజను చల్లి బొమ్మలు దిద్దుటను మాకి-ఎ యందురు, చల్లిన చిత్రమని అర్థము. ముత్యపు చిప్పలను కోసి పొదుగుట రాడెన్. ఈ రెండు పనులతో చేసిన చిన్నపెట్టెకు తెబకో, అనగా చేతిపెట్టె యని పేరు. మొదట ఇవి దేవతలకు సమర్పించుటకును, గొప్పయింటి స్త్రీలు దువ్వెనలు, అద్దము, సుగంధద్రవ్యములు ఉంచుకొనుటకును చేయబడినవి. వాటిలో మిషిమా పట్టణపు ఆలయమునకు చెందిన 13వ శతాబ్దపు పెట్టె మాకు ప్రత్యేకముగా ప్రియమైనది. పూచిన రేగుజాతి కొమ్మలు బంగారముతో దిద్దిన ఆ పెట్టె, తొలి షోగును మినమోతో యోరితోమో భార్యయగు హోజో మసకోదని ఆలయ సంప్రదాయము. దాని విశేషమేమనగా, అద్దము, దువ్వెనలు, కత్తెర మొదలగు లోపలి సామానుతో కూడ మిగిలియున్నది. జపాను ప్రభుత్వము దానిని జాతీయ సంపదగా ప్రకటించినప్పుడు పెట్టెతో పాటు లోపలి వస్తువులను కూడ కలిపియే ప్రకటించినది. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి యొక స్త్రీ తల దువ్వుకొన్న దువ్వెన పండ్లను నేడు లెక్కపెట్టవచ్చును.

అదే మసకోదిగా చెప్పబడు మరియొక చేతిపెట్టె కమకురలోని హచిమన్ ఆలయములో నుండెను. జపాను క్రొత్త ప్రభుత్వము తమ దేశపు పనితనమును లోకమునకు చూపదలచి 1873లో వియన్నా ప్రదర్శనకు పంపిన వస్తువులలో దానిని కూడ చేర్చిరి. తిరిగివచ్చుచున్న ఫ్రెంచి స్టీమరు నీల్ 1874 మార్చిలో ఇజు ద్వీపకల్పము చెంత మునిగిపోయినది. మరుసటి సంవత్సరము కొన్ని వస్తువులను పైకి తీయగలిగిరి. సముద్రగర్భములో నెలల తరబడి ఉప్పునీటిలో నానిన లక్కవస్తువులు చెడకుండ బయటపడినవని అప్పటివారు విస్తుపోయిరి. ఉరుషి మహిమను ఇంతకంటె చక్కగా చాటిన ప్రకటన లేదు. కాని మసకో పెట్టె మాత్రము దొరకలేదు. ఏడు వందల యేండ్లు ఒక గదిలో భద్రముగా నున్నది, నలుగురికి చూపుటకు బయలుదేరిన మొదటి ప్రయాణములోనే పోయినది.

పెట్టెలు పెండ్లి సారెలోను ముఖ్యమైనవి. మూడవ తోకుగావా షోగును ఇయెమిత్సు తన కుమార్తె చియోహిమెను 1639లో నగోయా ప్రభువుల యింటికి ఇచ్చి పెండ్లి చేసెను. పెండ్లికుమార్తెకు రెండేండ్లు నిండిన వయస్సు. ఆ పసిబిడ్డతో పంపిన సారె సామాను, అనగా పెట్టెలు, అలమరలు, వ్రాతపెట్టెలు, అద్దపు పీఠములు, కోఅమి వంశపు పనివారు చేసినవి. నేడు నగోయాలోని తోకుగావా ప్రదర్శనశాలలో అవి జాతీయ సంపదగా నున్నవి. చూచిన వారెల్ల బంగారమును పొగడుదురు. ఆటబొమ్మలతో ఆడుకొనవలసిన బిడ్డకు ఇన్ని పెట్టెలు ఎందులకని అడుగువారు తక్కువ.

సామాన్యుల యిండ్లలో లక్క లేదు, బంగారము లేదు గాని దాచుట మాత్రము కలదు. పుట్టిన బిడ్డ బొడ్డుతాడు ఊడిపడినప్పుడు దానిని ఎండబెట్టి, కిరి యను తేలిక కర్రతో చేసిన చిన్న పెట్టెలో పెట్టి, తల్లి దాచును. మన తల్లులు దానినే తాయెత్తులో పెట్టి మొలత్రాటికి కట్టెడివారు. ఒకరు బిడ్డ ఒంటిపై దాచిరి, ఒకరు ఇంటిలో దాచిరి. అంతే భేదము. కిరి కర్రకు మరియొక పని కూడ కలదు. విలువైన లక్కపెట్టెను ఊరక ఉంచరు, దానికి సరిపడు కిరిపెట్టె చేసి అందులో నుంతురు. ఆ పైపెట్టె మూతపై లోపలి వస్తువు ఏమిటో, ఎవరు చేసినదో సిరాతో వ్రాయుదురు. పెట్టెకు పెట్టె యా యని నవ్వు రావచ్చును. కాని ఆ మూతపై వ్రాత లేనిచో వస్తువు విలువయే తగ్గిపోవును. ఏది ఎవరిదో వ్రాసిపెట్టు అలవాటు మన విచారణలలో కూడ నుండిన యెడల, ఈ సంచిక కొరకు సేకరించిన పాత ఫోటోలలో ఇందరు పెద్దలు పేరులేనివారుగా మిగిలియుండెడివారు కారు.

ఇక మన గోవా సంగతి. పునీత ఫ్రాన్సిస్ శౌరివారు 1549 ఆగస్టు 15వ తేదీన, దేవమాత మోక్షారోపణ పండుగనాడు, జపానులోని కగొషిమాలో కాలుమోపిరి. ఆయనకు దారి చూపిన అంజిరో యను జపానువాడు గోవాలోనే 1548లో జ్ఞానస్నానము పొంది పౌలు అను పేరు ధరించెను. తరువాత గోవా నుండి మలక్కా, మకావుల మీదుగా పోర్చుగీసు ఓడలు యేటేట నాగసాకికి పోవుచుండెను. ఆ ఓడలలో మన గుజరాతు పనివారు ముత్యపు చిప్పలు పొదిగి చేసిన పెట్టెలు కూడ పోయినవి. వాటిని చూచి జపాను పనివారు తమ లక్కపెట్టెలపై చిప్పల పని దట్టముగా చేసిరని పండితుల అభిప్రాయము. పెట్టె ఆకారము ఐరోపావారిది, గుండ్రని మూత, ముందు తాళపు రేకు. పొదుగుడు తీరు గుజరాతుది. పూతయు, బంగారు తీగెలు, పూలు, జింకలును జపానువి. ఇట్లు మూడు దేశములు కలిసిన ఆ పనికి నంబన్ అని పేరు వచ్చినది. నంబన్ అనగా దక్షిణపు అనాగరికులు. మన సముద్రము మీదుగా వచ్చిన పోర్చుగీసువారికి జపానువారు పెట్టిన పేరది. పేరు మర్యాదగా లేకపోయినను ఆ పెట్టెలు మిక్కిలి మర్యాద పొందినవి. స్పెయిను దేశమందలి పలు దేవాలయములలో, కన్యకామఠములలో వాటిని పునీతుల అస్థికలుంచు మందసములుగాను, పవిత్ర గురువారమున దివ్యసత్ప్రసాదము నుంచు మందసములుగాను వాడిరి.

జపానులోని యేసుసభ గురువులు కూడ ఉరుషి పనివారి చేత దేవాలయ సామాను చేయించిరి. గ్రంథపీఠములు, రెండు తలుపులు మూసికొను చిన్న పటపు పెట్టెలు, అప్పములుంచు గుండ్రని భరిణెలు. ఆ భరిణెల మూతపై యేసునామపు మూడు అక్షరములు చిప్పతో పొదిగి, చుట్టును సూర్యకిరణములు దిద్దిరి. అట్టి భరిణెలలో మిగిలినవి కొద్ది మాత్రమే. వాటిలో ఒకటి ప్రక్కల ద్రాక్షతీగెలతో, అరచేతిలో ఇముడునంతటిది, కమకురలోని తోకెయిజి యను బౌద్ధ మఠములో నున్నది. ఆ మఠము 1285లో స్థాపింపబడినది. భర్తల బాధ పడలేక పారివచ్చిన స్త్రీలకు ఆశ్రయమిచ్చి, విడుదల ఇప్పించిన కన్యకామఠముగా దానికి పేరు. తలదాచుకొన వచ్చినవారిని వెళ్లగొట్టని ఆ యింటిలో క్రైస్తవుల భరిణె కూడ తలదాచుకొన్నది. దేశమంతట శిలువ గుర్తున్న వస్తువును వెదకి నాశనము చేయుచుండిన కాలమది. ఆ మఠవాసినులను మేము కృతజ్ఞతతో స్మరించుచున్నాము.

హిదెయోషి 1587లో గురువులను దేశము విడువుమని ఆజ్ఞాపించెను. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో 26 మంది వేదసాక్షులు శిలువలపై ప్రాణములర్పించిరి. 1614లో దేశమంతటికిని నిషేధము వచ్చినది. 1639లో పోర్చుగీసు ఓడలు రాకూడదని శాసించిరి. అటుపిమ్మట ఐరోపావారిలో డచ్చివారికి మాత్రమే, అదియు నాగసాకి యెదుట చిన్న దిబ్బపై, వర్తకము మిగిలినది. దేవాలయపు పెట్టెల కాలము ముగిసి రాణుల పెట్టెల కాలము వచ్చినది.

ఈ రెండవ కాలమును క్లుప్తముగా చెప్పెదము, ఏలయన దీనిని గూర్చి వ్రాసినవారు అనేకులు. బటావియాలో డచ్చి గవర్నరు జనరలుగా 1636 నుండి 1645 వరకు నున్న ఆంటొనీ వాన్ డీమెన్ భార్య మరియా. ఆమె పేరును మూత లోపలివైపున అక్షరాల పొదిగిన పెట్టె యొకటి లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో కలదు. బయట గెంజి కథలోని దృశ్యములు, లోపల ఆమె పేరు. ఆ పెట్టెలో ఆమె ఏమి దాచెనో చెప్పు వస్తువొక్కటియు లేదు. అదే ప్రదర్శనశాల 1882లో కొన్న మజరిన్ పెట్టె సుమారు 1640 నాటిది. దానికి తోడుపుట్టిన మరియొక పెద్దపెట్టె 1941 తరువాత కనబడకుండపోయినది. పండితులు లోకమంతయు వెదకుచుండగా అది ఒక ఫ్రెంచి ఇంజనీరు ఇంటిలో నుండెను. ఆయన 1970లో లండనులో 100 పౌనులకు కొని, దానిపై టెలివిజను పెట్టుకొనెను, తరువాత అందులో సారాయి సీసాలుంచుకొనెను. 2013లో సంగతి బయటపడి ఆమ్‌స్టర్‌డామ్ నగరపు రైక్స్ ప్రదర్శనశాల దానిని 73 లక్షల యూరోలకు కొన్నది. పాపము, ఆ యింజనీరును ఎవరును నిందింపరాదు. కనీసము ఆయన దానిని వాడుకొనెను.

ఆస్ట్రియా మహారాణి మరియా తెరెసా 1780లో మరణించుచు తన జపాను లక్కపెట్టెలను, యాభై వరకు, ఫ్రాన్సు రాణియైన కుమార్తె మరీ ఆంత్వానెత్తుకు విడిచిపోయెను. తల్లి గుర్తుగా వచ్చిన వాటిని రాణి వెర్సాయిలో అద్దాల బీరువాలు చేయించి అమర్చుకొనెను. 1789లో విప్లవము రాగా వాటిని ఒక పారిసు వర్తకుని వద్ద భద్రపరచిరి. రాణి 1793లో ఉరికొయ్య కాదు, గిలటీను ఎక్కెను. పెట్టెలు మాత్రము భద్రముగా నుండి లూవ్రు ప్రదర్శనశాలకును, వెర్సాయికిని చేరినవి.

డచ్చి, ఇంగ్లీషు వర్తకము మాట వచ్చినది గనుక మన తీరమును గూర్చి ఒక మాట. ఐరోపాలో నిలువెత్తు లక్కతెరలను నేటికిని కోరమాండల్ తెరలందురు. మచిలీపట్నము మొదలుకొని చెన్నపట్నము వరకు గల మన తీరమున అట్టి తెర యొక్కటియు చేయలేదు. అవి చైనాలో చేసినవి. చైనా సరకు ఈ తీరపు రేవులలో ఓడలు మారి పోవుచుండుటచే, కొన్నవారు మన తీరపు పేరు పెట్టిరి. చేయని పనికి కీర్తి వచ్చుట ఎప్పుడైన జరుగును. గుజరాతు పనివారికి జరిగినది దీనికి తలక్రిందులు.

ఇరువదవ శతాబ్దములో ఈ పెట్టెలు సామాన్యులకు అందినవి. జానెడు పొడవు, రెండు మూడు చిన్న సొరుగులు, లోపల ఎర్రని పట్టుగుడ్డ, మూతపై చిప్పముక్కలతో కొంగలో, ఫూజీ పర్వతమో. కొన్నిటిలో మూత తీయగానే సంగీతము మ్రోగును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము జపాను అమెరికా సైన్యముల ఆక్రమణలో నున్నప్పుడు, సైనికులు తల్లులకు, భార్యలకు వీటిని కొని పంపిరి. పాత పెట్టె ఏనాటిదో తెలిసికొనుటకు అడుగున చూడవలెను. అమెరికా చట్టము ప్రకారము 1891 నుండి దిగుమతి సరకుపై దేశము పేరుండవలెను. నిప్పాన్ అని యున్నచో అది 1921కి ముందుది, జపాన్ అని యున్నచో పిమ్మటిది, ఆక్రమిత జపాన్ అని యున్నచో 1947 మొదలు 1952 లోపలిది. ఇది ముఖ్యముగా అమెరికాకు పోయిన సరకు సంగతి. పేరు లేనంతమాత్రమున పెట్టె నకిలీ కాదు. ఈ కాలపు పెట్టెలలో పెక్కింటిపై పూత ఉరుషి కాదు, జీడిపిక్కల పెంకు నూనెతో చేసిన చౌక పూత. ఉరుషికి జీడి చుట్టమని ముందే చెప్పితిమి గదా, చుట్టరికము ఇట్లు ఉపయోగపడినది.

అట్టి పెట్టె ఎవరి యింటనైన నున్నయెడల ఎండ తగులనీయకుండ ఉంచి, మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును. నూనె పూయరాదు, వార్నీషు అసలే పూయరాదు. ఐరోపాలో మంచి ఉద్దేశముతో పూసిన వార్నీషులు పచ్చబడి, అసలు పనిని కప్పివేసినందున, వాటిని సరిచేయుట నేటి నిపుణులకు కష్టమైనది. లోపలి ఉత్తరములకు గుండుసూదులున్నచో తీసివేయవలెను, త్రుప్పు కాగితమును తినివేయును. చినిగిపోయిన పట్టుగుడ్డను మార్చునప్పుడు దాని క్రింద ఏమైన చీటీ యున్నదేమో ముందు చూడవలెను.

ఇప్పుడు, వట్టిది కాని పెట్టె యొకటి మిగిలినది. ఒసాకాకు ఉత్తరమున, ఇబారకి కొండలలో సెందైజి యను పల్లె కలదు. ఒకప్పుడు ఆ సీమ తకయామా ఉకోన్ ఏలుబడిలో నుండెను. ఆయన విశ్వాసము విడువనొల్లక 1614లో మనీలాకు వెడలగొట్టబడి, 1615లో అక్కడ మరణించిన క్రైస్తవ ప్రభువు. 2017 ఫిబ్రవరి 7న ఒసాకాలో ఆయనను ధన్యునిగా ప్రకటించిరి. ప్రభువు పోయినను పల్లె అక్కడనే యున్నది. 1873లో నిషేధము తొలగినను వారు నోరు మెదపలేదు. 1919లో ఒక స్థానిక పరిశోధకునికి అక్కడ శిలువ గుర్తుగల సమాధిరాయి కనబడినది. 1920లో ఒక రైతు కుటుంబమువారు తమ యింటి కప్పు దూలమునకు కట్టియుంచిన పెట్టెను ఆయనకు చూపిరి. దానిని తెరువరాని పెట్టె యనెడివారు. ఆ యింటిలో పెద్దకుమారునికి మాత్రమే దాని మాట చెప్పెడివారట. అది మాకి-ఎ పెట్టె కాదు, చిప్పలు లేవు, బంగారము లేదు. పొడుగాటి సాదా కర్రపెట్టె.

తెరువగా అందులో కర్రతో చెక్కిన శిలువపై క్రీస్తు ప్రతిమ యుండెను. జపమాల పదునైదు రహస్యములతో కూడిన దేవమాత పటముండెను. మరియు జపాను చిత్రకారుడు వ్రాసిన శౌరివారి పటముండెను. ఆయన చేతులు రొమ్మున చేర్చి, మండుచున్న హృదయమును పట్టుకొని, కన్నులు పైకెత్తియున్నారు. క్రింద ఆయన పేరు జపాను వారు పలుకునట్లు చైనా అక్షరములలో వ్రాసియున్నది. మన పాఠ్యపుస్తకములలోను, కేలండర్లపైను శౌరివారివిగా ముద్రించు పటములలో అదియొకటి.

శౌరివారు 1552 డిసెంబరు 3న చైనా ఒడ్డున ఒక దీవిలో మరణించిరి. ఆయన భౌతికదేహము గోవాలోని బోం జేసు దేవాలయములో, గోవా కంసాలులు 17వ శతాబ్దమున చేసిన వెండి మందసములో నున్నది. దానిని చూచుటకు లక్షలమంది పోవుదురు, మన మేత్రాసనము నుండియు పోయినవారు కలరు. ఆయన పటము మాత్రము రమారమి మూడు వందల యేండ్లు ఒక రైతు యింటి దూలముపై, పొగచూరిన చీకటిలో, ఎవరి కంటను పడక యుండెను. ఎండ సోకనందున రంగులు నేటికిని నిలిచియున్నవి. కోబె నగర ప్రదర్శనశాలలో దానిని భద్రపరచియున్నారు.